ఎదురుకాళ్ళు

పోయిన వారం కథలో గోవిందమ్మను ఎద్దులబండిలో వదిలిపెట్టాం. చిలమకూరు దగ్గర బండల గనిలో శనివారం పొద్దున నాలుగడుగులు వేసి కూలబడింది. నెత్తిమీది నాపబండ పక్కకు పడి రెండు ముక్కలైంది. మేస్త్రి మొదట బండ ముక్కలు చూశాడు. తర్వాత మనిషిని చూశాడు. ఎనిమిదో నెల గర్భిణి. బండి కట్టించాడు. ఆ మేరకు ధర్మాత్ముడే. ప్రొద్దుటూరులో చూపిస్తే, ఎముకల ఫోటో తీసే యంత్రం జమ్మలమడుగులో ఉంది, అక్కడికి పొమ్మన్నారు. రెండు రోజుల గతుకుల బాట. సోమవారం పొద్దునకు ఆస్పత్రి మంచం ఎక్కింది.

దారి పొడుగునా ఆమె ఒకే మాట అంది. ఎవరు ఏమడిగినా అదే మాట. "ఎప్పుడూ ఉండేదే."

ఆ మధ్యాహ్నం డాక్టర్ సుశీలమ్మ నల్లటి ఫిలింను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గుంటూరు వైపు మనిషి. ఈ ఊరికి వచ్చి మూడేళ్ళయింది. మంచం పక్కన నేలమీద అత్త నాగమ్మ కూర్చుని ఉంది. వాకిలి దగ్గర మొగుడు నారాయణ నిలబడి తుండుగుడ్డ మెలిపెడుతున్నాడు. గనిలో రాయి చీల్చే పని అతనిది.

"ఇలా రావయ్యా, నారాయణా. ఇది నీ భార్య వెన్ను. ఈ ఎముకలు ఒకదానిమీద ఒకటి సరిగా పేర్చినట్టు ఉండాలి. ఇక్కడ చూడు. నలిగిపోయింది."

నారాయణ రెండడుగులు వేశాడు. ఫిలిం వైపు చూడలేదు.

"ఎముక విరిగింది మొన్న. జబ్బు మొన్నటిది కాదు. ఒళ్ళంతా ఎముకలు పలచబడిపోయాయి. ఎన్ని కాన్పులు?"

"ఇది అయిదోది," అంది నాగమ్మ. "ముగ్గురుండారు. ఒకటి పోయింది."

"ఎన్నేళ్ళలో?"

అత్తకు తెలియదు. మొగుడికి తెలియదు. మంచం మీద నుంచి గోవిందమ్మే చెప్పింది. "ఏడేండ్లు."

"కాన్పు తర్వాత పాలు, పెరుగు పెట్టారా?"

నాగమ్మకు నవ్వొచ్చింది. "బాలింతకు పెరుగేంది డాక్టరమ్మా! సన్నిపాతం రాదా? వేంచిన బియ్యంతో వండిన అన్నం, ఎల్లిపాయ కారం. నీళ్ళు కూడా కొలిచి పోస్తాం. నేనూ అదే తింటి. మా యత్తా అదే తినె."

"ఎన్నో రోజున పనికి పంపారు?"

"ఇరవై ఒకటో దినం. ముందు పంపలేదు. అడుగు, ఎవురినైనా అడుగు."

సుశీలమ్మ ఫిలిం దించింది. "బిడ్డ ఎముక కట్టడానికి తల్లి ఎముకలోంచి సున్నం పోతుంది. పాలిచ్చినన్నాళ్ళూ ఇంకా పోతుంది. పోయింది తిండిలో తిరిగి పెట్టాలి. ఈ అమ్మాయికి ఎవరూ పెట్టలేదు. ఏడేళ్ళు తీసుకుంటూనే వచ్చారు."

గోవిందమ్మ ఏడేళ్ళు మోసిన నాపబండ కూడా సున్నపురాయే. అది మద్రాసులో, బళ్ళారిలో ఎవరెవరి ఇళ్ళలోనో చల్లగా పరుచుకుని ఉంది. దానిమీద వాళ్ళ ఆడవాళ్ళు మధ్యాహ్నం నడుము వాలుస్తారు. మోసిన మనిషి ఎముకల్లో మాత్రం ఆ సున్నం లేదు.

గోవిందమ్మ చెయ్యి మంచం ఇనుప పట్టీ మీద బిగుసుకుంది. కాసేపు అలాగే ఉండి వదిలింది.

"నొప్పా?" సుశీలమ్మ అడిగింది.

"ఎప్పుడూ ఉండేదే, డాక్టరమ్మా."

"దానికి మొదటి కాన్పు నుంచి ఉండాది," అంది నాగమ్మ. "నడుం నొప్పి అంటాది, తుంటి నొప్పి అంటాది, కూచుంటే లేయలేనంటాది. ఇంకో కాన్పయితే ఎముకలు సర్దుకుంటాయిలే మ్మే అని చెప్తానే ఉండా."

"రెండో కాన్పుకు సర్దుకున్నాయా?"

"లేదు."

"మూడో కాన్పుకు?"

డాక్టరు నారాయణ వైపు తిరిగింది. "ఇంత పలచటి ఎముకకు పెద్ద దెబ్బ అక్కర్లేదు. అయినా ఏదో ఒకటి తగిలుండాలి. ఎలా విరిగింది?"

"జారి పడింది," అన్నాడు నారాయణ.

"ఎక్కడ?"

"గనిలో. బండతో."

"ముందుకు పడిందా, వెనక్కా?"

నారాయణ తుండుగుడ్డ మెలిక విప్పి మళ్ళీ మెలిపెట్టాడు. "ముందుకు."

"మోకాళ్ళ మీద గీత లేదు. అరచేతుల మీద గీత లేదు. ఎనిమిది నెలల పొట్టతో ముందుకు పడిన మనిషి చేతులు ఆనించకుండా పడుతుందా?"

అప్పుడు వాకిట్లోంచి ఒక గొంతు వినిపించింది. "పడలేదు డాక్టరమ్మా. కూచునింది. నా కండ్ల ముందర కూచునింది."

ఖమర్‌బీ. గోవిందమ్మ జోడు. గనిలో పెద్ద బండను ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని మోస్తారు, ముందొకరు, వెనకొకరు. ఇద్దరి ఎత్తూ ఒకటి కావాలి, నడకా ఒకటి కావాలి. దాన్ని జోడు అంటారు. జోడులో ఒకామె రాకపోతే రెండో ఆమెకు కూడా ఆ రోజు పని లేదు. అందుకని గనిలో ఏ ఆడదానికి నొప్పి వచ్చినా, పనికి రమ్మని ముందు బతిమాలేది మేస్త్రి కాదు, ఆమె జోడే. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ తెలివైనవాడు. తాను అరవనక్కర లేకుండా చేసుకున్నాడు.

ఖమర్‌బీ లోపలికి వచ్చి రొట్టెల మూట మంచం పక్కన పెట్టింది. పొద్దున బస్సెక్కి వచ్చింది. గోవిందమ్మ నుదురు తడిమింది.

"చెమట్లు పట్టినాయి కదా గోవిందమ్మా."

"ఉక్కగా ఉంది."

"ఖమర్‌బీ, నువ్వు బయటికి పో," అన్నాడు నారాయణ.

"పోను నారాయణన్నా. రెండు దినాలు పస్తుండి ఆలోచన చేసినా. డాక్టరమ్మా, ఈయన ఎదురుకాళ్ళతో పుట్టినాడు. మా పక్క అట్ల పుట్టినోళ్ళు తొక్కితే నడుం పట్టు వదుల్తాదంటారు."

"విన్నాను."

"ముందు అమాసకు ఇంటికాడ తొక్కుతాండె. ఎవురు పోయినా కాదనడు. పైసా తీసుకోడు. తీసుకుంటే కాళ్ళ మహిమ పోతాదంట. అయిదేండ్ల నుంచి మేస్త్రి గనికాడనే పెట్టించినాడు. వారం వారం, పని మొదలుకాక ముందర. నడుం నొప్పి అన్న ఆడోళ్ళందరూ వరసగా పోవాల. బండ మీద చేతులానించి వంగాల. మడమతో మూడు సార్లు. మళ్ళ ఎనక్కి తిరిగి చూడకుండా పోయి బండెత్తాల."

"ఎంతమంది?"

"మొన్న పదకొండు మంది."

"తొక్కిన తర్వాత కూడా నొప్పి ఉంటే?"

ఖమర్‌బీ నారాయణ వైపు చూసింది. "ఉండకూడదు డాక్టరమ్మా. ఆయన తొక్కినాక కూడా నొప్పి అంటే అది ఒళ్ళు దాచుకునే ఆడది. మేస్త్రి ఆ పేరు పెడతాడు. ఆ పేరు పడినదాన్ని ఎవురూ జోడు కట్టుకోరు."

గని యజమాని వైద్యానికి ఒక్క కానీ ఖర్చు పెట్టలేదు. మందులబుడ్డి కొనలేదు. ఒక మనిషి పాదాలు దొరికాయి, సరిపోయింది. ఆ పాదాలకు ప్రతిఫలంగా నారాయణకు ఉండడానికి గని పక్కన కొట్టం ఇచ్చారు. ఎండ ముదరక ముందే అయిపోయే పని ఇచ్చారు. అది కూలి కాదు కాబట్టి మహిమ చెడలేదని నాగమ్మ సమాధానపడింది.

"మొన్న ఇది రానంటే నేనే పిలుచుకోని పోయినా," ఖమర్‌బీ గొంతు తగ్గింది. "నాకూ ముగ్గురు పిల్లోళ్ళు. ఇది రాకపోతే నాకు పని లేదు. వంగింది. ఒకటి తొక్కినాడు, రెండు తొక్కినాడు. మూడోదానికి టప్పుమని సప్పుడయింది. నాపరాయి పొర విడిచినట్ల. అందరం ఇన్యాం. పట్టు వదిలిందిరో అని అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా డాక్టరమ్మా. ఆ నవ్వుతోనే బండెత్తి ముందు కొస దీని నెత్తిన పెట్టినా."



నారాయణ పదిహేనేళ్ళుగా రాయి చీలుస్తున్నాడు. ఏ సప్పుడుకు పొర విడిచిందో, ఏ సప్పుడుకు బండ పగిలిందో అతనికి తెలుసు. ఆ రోజు విన్నదేమిటో మడమ కింద అప్పుడే తెలిసింది. తెలిసి ఊరుకున్నాడు. రెండు రోజులు బండి పక్కన నడుస్తూ కూడా ఊరుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు?" సుశీలమ్మ గోవిందమ్మను అడిగింది.

"ఏమని చెప్పేది? ఆయన కాళ్ళు అబద్ధమంటే ఇంట్లో ఉండనిస్తారా?"

గోవిందమ్మ చెయ్యి మళ్ళీ ఇనుప పట్టీని పట్టుకుంది. ఈసారి ఇంకొంచెం సేపు. పమిట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది. నాగమ్మ చూసి ముఖం తిప్పుకుంది. ఖమర్‌బీ చూసింది గానీ నడుం నొప్పనుకుంది. డాక్టరు కిటికీ వైపు తిరిగి ఉంది. ఆమె కోపమంతా చేతిలోని ఫిలిం మీదికి పోయింది.

"ఇంకోటి వినండి. ముగ్గురూ వినండి. ఎముకలు మెత్తబడి నడుము కింద కట్టు రెండు పక్కల నుంచీ లోపలికి నొక్కుకుపోయింది. బిడ్డ బయటికి రావాల్సిన దారి అది. ఈ దారిన బిడ్డ రాదు. ఈమె ఇక్కడే మంచం మీద ఉండాలి. నెలలు నిండగానే పొట్ట కోసి తీయాలి. ఇంటికి తీసుకుపోతే తల్లి దక్కదు. అది చాలదన్నట్టు బిడ్డ తల పైకి ఉంది. ఇదిగో, ఇక్కడ."

నాగమ్మ లేచింది. నేలమీద చెయ్యి ఆనించి, మంచం పట్టుకుని, మూడు విడతలుగా లేచింది. నిలబడ్డాక కూడా ఆమె ముఖం నేలకే ఉంది. వెన్ను నడుము దగ్గర విరిచినట్టు వంగిపోయి ఉంటుంది. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే ఎరుగుదురు.

"తల పైనుందా?" అంది. "అంటే కాళ్ళు కిందనా?"

"అవును. అందుకే ఇంకా ప్రమాదం."

నాగమ్మ ముఖం వెలిగింది. అలాంటి వెలుగు ఆ ముఖంలో కొడుకు పెళ్ళినాడు కూడా ఎవరూ చూడలేదు.

"ఒరే నారాయణా! ఇన్నావా? ఎదురుకాళ్ళు! నీ మాదిరే! బండి బయటనే ఉంది కదా? కట్టమను. ఇంటికి పోదాం."

"ఏమ్మా, నేను చెప్పింది వినబడలేదా?" సుశీలమ్మ గొంతు లేచింది. "ఇంటి దగ్గర ఈ కాన్పు కాదు. చచ్చిపోతుంది."

"నువ్వు కోసి తీస్తే అది ఎదురుకాళ్ళ పుట్టుక ఎట్లయితాది? కోసి తీసినదానికి ముందేంది, ఎనకేంది? కాళ్ళు ముందు భూమి చూడాల. అప్పుడే వరం. మీ పక్క మాటలు శానా మెత్తగ ఉంటాయి గానీ, నీకు మా పక్క సంగతి తెల్దు. నా కొడుకు కాళ్ళ వల్లనే మాకు కొట్టమొచ్చింది. ఈ బిడ్డ వస్తే ఇంగొక తరం కూడు."

"కూడేమిటి? ఆ కాళ్ళు ఏం చేశాయో ఇప్పుడే విన్నావు కదా!"

"దీని ఎముకలే మంచివి కావు. కాళ్ళదేం తప్పు? నువ్వెన్ని కన్నావు చెప్పు. ఒక్కటన్నా కన్నావా?"

"కనలేదు," అంది సుశీలమ్మ. "అందుకే నిటారుగా నిలబడి ఉన్నాను."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదో తట్టింది. నాగమ్మ వెన్ను వైపు చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. "మీకు వయసెంత?"

"యాబై ఉంటాది."

"ఎప్పటి నుంచి ఇలా వంగి నడుస్తున్నారు?"

"శానా ఏండ్లు."

"ఎప్పటి నుంచి?"

నాగమ్మ పెదవులు కదిలాయి. అబద్ధం ఆడుదామనుకుని ఉంటుంది. ఈసారి ఆడలేదు. "వీడు పుట్టినప్పటి నుంచి. మూడు దినాలు కాళ్ళు బయట, తల లోపల. మంత్రసాని నా నడుం మీద మోకాలు పెట్టి లాగింది. అప్పుడు వంగినా. అయితేనేం? వీడు బతికినాడు. ఊరంతా వచ్చి చూసిపోయినారు. వరం అన్యారు."

"మా," అన్నాడు నారాయణ.

పొద్దుటి నుంచి తల్లితో అతను అన్న మొదటి మాట అది.

"నువ్వు బావికాడ పడినానని చెప్తివి నాకు."

"పసిబిడ్డకు అది చెప్తారా?"

"నాకు ముప్పై రెండేండ్లు మా."

"అయితే ఇప్పుడు చెప్పినా కదా."

"నాకు నడక వచ్చినప్పటి నుంచి నీ నడుం మీదనే నిలబెట్టినావు. మొట్టమొదట తొక్కింది నిన్నే. ప్రతి అమాసకూ తొక్కినా. నా కాళ్ళ కింద నీ ఎముకలు లెక్కపెట్టేవాణ్ణి. యాడ నిలబడితివి మా? ఒక్క దినమన్నా నిటారుగా నిలబడితివా?"

"నొప్పి తగ్గుతాండె."

"తగ్గెనా?"

వంగిన మనిషి ఇంకా వంగింది. "నువ్వు సంతోషపడుతాంటివి రా," అంది చివరికి. "చిన్న కాళ్ళు. తగ్గిందా మా అని అడుగుతాంటివి. లేదని ఎట్ల చెప్పేది?"

నారాయణ కాళ్ళు చూసుకున్నాడు. ఆ కాళ్ళు అయిదేళ్ళలో ఎంతమంది నడుముల మీద ఆనాయో అతనికి తెలియదు. తగ్గిందా అని వాళ్ళను అతను అడగలేదు. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు కాబట్టి వాళ్ళ ముఖాలు కూడా చూడలేదు. ముప్పై ఏళ్ళు ఒక ఆడది, ఏడేళ్ళు ఇంకొక ఆడది అతని కోసం తగ్గిందని చెప్పారు. అతను నమ్మాడు. నమ్మడం అతనికి సులువుగా ఉండింది, అంతే. దానికి క్షమాపణ లేదు. ఈ కథ రాసేవాడు ఇవ్వడు.

సుశీలమ్మ బల్ల మీది నుంచి కాగితం తీసింది. "ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు వేలుముద్ర కావాలి. భర్తది."

గోవిందమ్మ మూడో తరగతి చదివింది. పులివెందుల దగ్గర పుట్టింటి ఊళ్ళో అయ్యవారు ఆమె చేత పేరు రాయించాడు. ఆమెకు సంతకం వచ్చు. మొగుడికి రాదు. కోసేది ఆమె పొట్ట. కాగితానికి కావలసింది మాత్రం అతని వేలు.

"వేలు పెట్టద్దురా," అంది నాగమ్మ. గొంతులో ఇందాకటి గట్టితనం లేదు. "మేస్త్రికి ఏం చెప్తావు? రేపు ఆడోళ్ళు వరసలో నిలబడితే ఏం చెప్తావు? కొట్టం పోతాది."

"పోనీ."

"బిడ్డలను యాడ పెడతావు?"

"మామా," అంది గోవిందమ్మ. మేనత్త కొడుకు కాబట్టి ఆ పిలుపు చిన్ననాటిది. పెళ్ళయ్యాక నలుగురిలో ఎప్పుడూ వాడలేదు. "నాకు చావాలని లేదు. అందరూ ఏదేదో మాట్లాడతాండారు. అదొక్కటి ఎవురూ అడగలేదు. నాకు చావాలని లేదు మామా."

నారాయణ సిరా మెత్తమీద బొటనవేలు అద్దాడు. కాగితం మీద పెట్టాడు. ముద్ర కొంచెం చెదిరింది. డాక్టరు ఆ కాగితం తీసి పక్కన పెట్టింది.

"రెండో కాగితం కూడా ఉంది," అంది. "ఎముక ఎలా విరిగిందో రాస్తాను. గని పేరు రాస్తాను. పదకొండు మంది సంగతి రాస్తాను. జిల్లాకు పంపుతాను. దాని కింద కూడా పెడతావా?"

"రాయి," అన్నాడు నారాయణ. "నేను తొక్కినానని రాయి."

ఖమర్‌బీ మూట విప్పి రొట్టె తుంచింది. గోవిందమ్మ నోటికి అందించబోయింది. గోవిందమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ ఇనుప పట్టీ మీద ఉన్నాయి. వేళ్ళు తెల్లబడ్డాయి.

"గోవిందమ్మా? ఏమయింది?"

"ఎప్పుడూ ఉండేదే," అంది గోవిందమ్మ. ఆ మాట సగంలో తెగిపోయింది.

ఖమర్‌బీ దుప్పటి ఎత్తి చూసింది. పరుపు తడిసి ఉంది. ఎప్పటి నుంచి తడిసి ఉందో, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఆ చెయ్యి ఆ పట్టీని పట్టుకుందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఏడేళ్ళుగా నడుం నొప్పి అన్న మనిషిది ఈ రోజు కూడా నడుం నొప్పే అనుకున్నారు. చదువుకున్న డాక్టరు కూడా అలాగే అనుకుంది. ఆమె పేరు కూడా ఆ వరసలోనే రాయాలి.

"డాక్టరమ్మా!"

సుశీలమ్మ ఒక్క అంగలో మంచం దగ్గరికి వచ్చింది. చూసింది.

"నర్సును పిలువు. ఆపరేషన్ గది తెరవమను. ఇప్పుడే. పరుగెత్తు!"

ఖమర్‌బీ పరుగెత్తింది. నారాయణ సిరా అంటిన వేలు గాలిలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాగమ్మ ముఖం అందరికంటే కింద ఉంది కాబట్టి అందరికంటే ముందు ఆమెకే కనిపించింది.

బొటనవేలంత పాదం. నీలంగా. దుప్పటి అంచున.

ముప్పై రెండేళ్ళ కింద ఊరంతా చేతులెత్తి దణ్ణం పెట్టింది అలాంటి పాదానికే. నాగమ్మ చేతులు అలవాటుగా ఎదురు రొమ్ము దాకా లేచాయి. అక్కడ ఆగిపోయాయి. ఆమె కోడలి ముఖం చూసింది. తర్వాత తన రెండు అరచేతులతో ఆ పాదాన్ని అదిమి పట్టుకుంది, వచ్చిన దారినే వెనక్కి పంపగలననుకున్నట్టు.

"లాగొద్దు డాక్టరమ్మా," అని అరిచింది. "దాన్ని లాగొద్దు. నన్ను లాగినట్ల నా కోడల్ని లాగనీయను!"

పాదం ఆమె చేతుల్లో ఒకసారి తన్నింది.